ఎండ వెంట తిరిగిన మంచం

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా రెండో ఏడు పూర్తయ్యేసరికి ఈ లోకంలో నాకు తెలియనిదంటూ ఏదీ మిగల్లేదు. ఎనభైల నడిమి మాట ఇది. హనుమకొండలో నా హాస్టల్ గదిలో రెండు రేడియోలు విప్పి, ఒకదాన్ని మళ్లీ బిగించాను. రెండోదాని సంగతి అడగొద్దు. క్లాసులో ఆడపిల్లలం ముగ్గురమే. సోల్డరింగ్ చేస్తూ మగపిల్లలు వేళ్లు కాల్చుకుంటే పగలబడి నవ్వేదాన్ని. నేను కాల్చుకున్నప్పుడు మాత్రం చెయ్యి చున్నీలో దాచుకుని, ఏమీ జరగనట్టు కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. అంత పొగరు నాది. ఆ పొగరుతోనే మా అక్కకు మాటిచ్చాను, మీ ఇంటికి ఎండతో లైటు వెలిగిస్తానని.

అక్కా బావా అత్తగారింట్లోంచి వేరుపడి అప్పటికి ఏడాది దాటింది. ధర్మసాగర్ అవతల గుట్టల పక్కన వాళ్ల చెలకలోనే, అంటే మెట్ట చేనులోనే, చిన్న పెంకుటిల్లు వేసుకున్నారు. నాలుగెకరాల భూమి, ఒక బావి, రెండు ఎడ్లు, కొన్ని మేకలు. కరెంటు స్తంభాలు ఊరి చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. అక్కడినుంచి చెలక రెండు మైళ్లు. పొద్దుగూకితే కందిలి దీపమే దిక్కు. కిందటేడు వానాకాలంలో మసక చీకట్లో గడ్డివాము దగ్గర బావను పాము కరిచింది. దవాఖానలో నాలుగు రోజులు అందర్నీ ఏడిపించి, ఐదో రోజు లేచి కూర్చుని చాయ్ అడిగాడు.

బావ వాళ్లమ్మ అప్పుడే పట్టుబట్టింది. ఊళ్లో పెద్ద కొడుకు దగ్గర ఉంటుంది ఆమె. "చీకట్ల పాముల నడుమ నా కొడుకును ఉంచ. మల్ల మిరుగు ఎక్కేటాలకు ఇద్దరు ఇంటికి రావాలె, గంతే" అంది. మిరుగు అంటే తొలకరి కార్తె. ముసురు మొదలయ్యేది అప్పుడే. తల్లి మాటకు బావ ఎదురు చెప్పడు. చెప్పలేడని కాదు, ఆమె మాట్లాడుతుంటే మధ్యలో ఖాళీ దొరకదు.

అక్క నన్ను బావి దగ్గరకు తీసుకెళ్లి చెప్పింది. "ఆ ఇంట్ల ఉప్పు డబ్బ మూత తీయాలన్నా అడిగి తీయాలె. మూడేండ్లు అడిగిన చెల్లే. నాకు ఆమె మీద పగ లేదు. గని మల్ల అడుగుడు నాతోని కాదు. ఈడ లైటుంటే మమ్ముల తోలుకపోనీకి ఆమెకు సాకు ఉండది." అక్క ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. రెండు మేకలు అమ్మిన డబ్బు కొంగుముడి విప్పి నా చేతిలో పెట్టింది. ఆ డబ్బులోనే అంతా కావాలి. నాకు భయం వేయాల్సింది పోయి గాల్లో తేలినట్టైంది. జీవితంలో మొదటిసారి నన్నొకరు నమ్మారు మరి.

అప్పట్లో ఎండతో కరెంటు అంటే ఊళ్లలో నవ్వేవాళ్లు. మా లెక్చరర్ తెచ్చిన పత్రికలో బొమ్మ చూశాను నేను. ఎండ పడితే కరెంటు పుట్టించే పలకలను రైలు సిగ్నళ్లకు వాడుతున్నారని అందులో ఉంది. నోటుబుక్కు తెరిచి లెక్కలు మొదలుపెట్టాను. బస్సుల్లో ఉండేలాంటి చిన్న ట్యూబులైట్లు రెండు, ఒక్కొక్కటి ఎనిమిది వాట్లు, సాయంత్రం నాలుగు గంటలు వెలగాలి. పలక ముప్పై అయిదు వాట్లది దొరికితే చాలు. మబ్బు పట్టినా రెండు మూడు రోజులు ఆగేలా లారీ బ్యాటరీ ఒకటి. రాత్రిపూట బ్యాటరీలోని కరెంటు తిరిగి పలకలోకి పారిపోకుండా నడుమ ఒక చిన్న డయోడు. బావ వచ్చి చూసి, "రేడియో యాడున్నదే ఇండ్ల?" అన్నాడు. రేడియో కలిపాను. లెక్క చేసిన ప్రతిసారీ జవాబు వేరేగా వచ్చేది. వాటిలో నాకు నచ్చిన జవాబు ఉంచుకున్నాను.

పలక డోర్నకల్‌లో దొరికింది, ఒక పాత సామాన్ల కొట్టులో. ఒక మూల అద్దం చిట్లి ఉంది. కొట్టాయనకు అదేమిటో తెలియదు, ఏదో కిటికీ అనుకుంటున్నాడు. కాలేజీ నుంచి తెచ్చిన మీటరు తీసి, పలకను ఎండలో పెట్టి తీగలు ఆనించాను. ముల్లు లేచి పద్దెనిమిది వోల్టుల దగ్గర నిలబడింది. నేను ఆ రోడ్డు మీదే గంతేశాను. "జర మొఖం మార్చు, మరదలా. నీ సంబురం జూసి రేటు పెంచుతాండు" అని బావ చెవిలో అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది, రేటు పెరిగింది. బావ ఆ చిట్లిన మూల మీద వేలుపెట్టి, పోయినవాళ్ల గురించి మాట్లాడే గొంతుతో గంటసేపు మాట్లాడి మళ్లీ తగ్గించాడు.

తిరుగు ప్యాసింజరు బండిలో పలకను బొంతలో చుట్టి ఒడిలో పెట్టుకున్నాం. గాలికి బొంత జారింది. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లిద్దరు ముదురు నీలం అద్దంలో వాళ్ల మొహాలు చూసుకుని బొట్టు సరిచేసుకున్నారు. మహబూబాబాద్‌లో ఎక్కిన ముసలాయన ఒకాయన జేబులోంచి దువ్వెన తీశాడు. వరంగల్ వచ్చేవరకూ పలక ఖాళీగా లేదు. ఇది ఎండను కరెంటు చేస్తుందని నేను చెబితే, ఆ ముసలాయన బావను జాలిగా చూసి, "పిల్లకు ఎప్పటి సంది గిట్ల?" అని అడిగాడు. బావ అప్పుడు నవ్వడం మొదలుపెట్టి ధర్మసాగర్ దాకా నవ్వుతూనే ఉన్నాడు.

వరంగల్‌లో లారీల షెడ్డునుంచి పాత బ్యాటరీ తెచ్చుకున్నాం. ట్యూబులు వెలిగించే సర్క్యూట్ నేనే చేశాను. దానికి డబ్బా లేక అక్క పోపుడబ్బాల్లో ఒకటి లాక్కున్నాను. పలకను ఇంటి వెనక పశువుల కొట్టం కప్పుమీద బిగించాం. పుస్తకంలో ఉన్నట్టు దక్షిణం వైపు తిప్పి, కంపాస్ బాక్సులోని కోణమానిని పెట్టి, సరిగ్గా పద్దెనిమిది డిగ్రీలు వాల్చాను. మన వరంగల్ అక్షాంశం అంతే కదా. మే నెల మధ్యాహ్నం రేకుల మీద కూర్చుని డిగ్రీలు కొలుస్తుంటే కాళ్లు బొబ్బలెక్కాయి. అయినా ఆ రోజు నాకు తగిలిన ఎండ ఎండే కాదు.

పొద్దు వాలగానే అక్క స్విచ్ వేసింది. ట్యూబు రెండుసార్లు కొట్టుకుని తెల్లగా వెలిగింది. అక్క ఆర్పింది. మళ్లీ వేసింది. ఆర్పింది, వేసింది. గంప కింద కోళ్లు తెల్లవారిందనుకుని అరవడం మొదలుపెట్టాయి. అక్క గోడల వంక చూసి, "మన ఇల్లు గింత మురికిగున్నదా?" అని, ఆ క్షణమే చీపురు తీసుకుంది. నేనూ బావా వాకిట్లో కూర్చుని రేడియోలో వ్యవసాయదారుల కార్యక్రమం ముగిసేదాకా విన్నాం. వరికి వచ్చే తెగుళ్ల గురించి అంత ఆనందంగా నేను ఎప్పుడూ వినలేదు.

మర్నాడు ఉదయం అక్క అత్తగారు వచ్చింది, పసుపు, కుంకుమ, కొబ్బరికాయతో. కొత్త మిషను ఏదొచ్చినా పూజ చేయాలి కదా. అద్దం మీద ఎక్కడ బొట్టు పెడితే అక్కడ కరెంటు ఆగిపోతుందని నేను మొత్తుకున్నాను. చివరికి చట్రం మీద మాత్రమే పెట్టేలా రాజీ కుదిరింది. నిచ్చెన ఎక్కి అయిదు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టబోతూ ఆగింది.

"ఇది ఎటు జూత్తాంది?"

"దక్షిణం, అత్తమ్మా."

కొబ్బరికాయను మళ్లీ సంచిలో వేసుకుంది. "సచ్చి బతికినోని కొట్టం మీద యముని దిక్కు మొఖం బెడ్తవా? మన తలుపు ఎటున్నది? తూర్పు. మొఖమున్నది ఏదైనా గంతే."

"అత్తమ్మా, పుస్తకంల గట్లనే ఉన్నది. సూర్యుడు మనకు దక్షిణం దిక్కు..."

"నువ్వు సదువుకున్నవు, నేను కాదంటలేను" అని నిచ్చెన దిగి, కొడుకును ఒక చూపు చూసి, ఊరికి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను. రికార్డులు రాయాల్సినవి ఉంటే హనుమకొండ బస్సెక్కాను. బస్సులో పక్కనావిడకు అడక్కపోయినా నా డిజైనంతా వివరించాను.

పది రోజులకు పాలు పోసే ఆయనతో కబురొచ్చింది, లైటు పోతోందని. ఉరుకులు పరుగుల మీద వెళ్లాను. చెప్పులు విడవకుండానే అక్క చెప్పింది విన్నాను. మొదటి మూడు రోజులు బాగానే వెలిగిందట. తర్వాత అన్నం ఉడికేలోపే ఎర్రబడి ఆరిపోతోందట. మిరుగుకు పట్టుమని రెండు వారాలు లేదు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేల మీద కూర్చుని పోపుడబ్బా విప్పి మళ్లీ అతికాను. ట్రాన్సిస్టరు బాగుంది. డయోడు బాగుంది. ట్యూబులు బాగున్నాయి. బ్యాటరీలో యాసిడు పలుచబడింది, అంటే ఛార్జి కావడం లేదు. పాత బ్యాటరీ తెచ్చి అక్క మేకల డబ్బు బూడిదలో పోశానా అని ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, మేకల పాకలో, ఎవరూ చూడకుండా. పలకను మాత్రం చూడలేదు. నేను నా చేతులతో డిగ్రీలు కొలిచి బిగించినదాన్ని మళ్లీ నేనెందుకు చూడాలి? చివరికి ఏమీ తోచక కొట్టం మీదికెక్కాను. పలక నేను పెట్టిన వైపు లేదు. తూర్పుకు తిరిగి, ఇంటి తలుపులాగా నిటారుగా నిలబడి ఉంది. మధ్యాహ్నం దాటితే దాని మీద ఎండే పడదు.

బావ కొట్టం కిందే ఉన్నాడు. తల దించుకుని చెప్పాడు. "అమ్మ అన్నది. నాకు గూడ జర భయమైందే. దవాఖానల పండుకున్న ఆ నాలుగు రోజులు మీకెవలకు తెల్వది."

ఆ మాటకు ఎవరైనా మెత్తబడాలి. నేను మెత్తబడ్డాను, అయినా అరిచాను. నా కోపం అలాంటిది, లోపల జాలి ఉన్నా నోరు ఆగదు. నా అరుపులకు అక్క బయటికొచ్చింది. సంగతి విని బావను చాలాసేపు చూసింది. "మీ అమ్మ నన్ను గుంజుకపోతాంది అనుకున్న. పంపుతున్నది నువ్వా?" అని మెల్లగా అడిగింది. అరిచి అడిగినా బాగుండేది. బావ ఎడ్లకు నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయాడు. ఆ పూటనుంచి అక్క బావతో మాటలు బంద్ చేసింది.

రెండో రోజు అత్తగారు వచ్చింది, వీళ్లు ఎప్పుడు బయల్దేరుతారో కనుక్కోవడానికి. నేను రాత్రంతా నూరుకున్న మాటలన్నీ ఆమె మీద గుమ్మరించాను. సూర్యుడు దక్షిణంగా నడుస్తాడని, మధ్యాహ్నం నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుందని, కావాలంటే పుస్తకం చూపిస్తానని. ఆమె ఆకు నములుతూ మొత్తం విని, "గిప్పుడు మిట్టమధ్యాన్నం. దొడ్లె గుంజ నీడ ఎటు పడ్డదో పోయి సూసి రా" అంది.

వెళ్లాను. మేకను కట్టే గుంజ పక్కన బెత్తెడు నీడ ఉంది. దక్షిణం వైపు. అటూ ఇటూ తిరిగి చూశాను. గుంజ వంకరగా ఉందేమోనని కదిపి చూశాను. ఎండాకాలం చివర, మిరుగు ఆరుద్రల్లో, మన తల మీది సూర్యుడు ఉత్తరానికి జరిగిపోతాడని పుస్తకంలోనే వేరే పేజీలో ఉందని తర్వాత తెలిసింది. ఆ పేజీ పరీక్షకు లేదు. పలకకు దానివల్ల పోయేది కొంచెమే గానీ నా పరువు మాత్రం మొత్తంగా పోయింది.

"అరవై ఏండ్ల సంది నీడ ఎంబడి మంచం గుంజుకుంటానం" అంది అత్తగారు. "పొద్దుగాల గోడకు పడమర, మాపటికి తూర్పు. నీడ కోసం మనం తిరిగినట్టు ఎండ కోసం గా పలక తిరగదా? పొద్దుగాల తూర్పు జూడనియ్. మాపు పడమర జూడనియ్. నడుమ మీదికి జూడనియ్. దక్షిణంతోటి పనేమున్నది?"

ఆమె చెప్పింది వెర్రిమాట కాదు. ఎండకు ఎదురుగా పలకను తిప్పుతూ ఉంటే ఒకచోట బిగించినదానికంటే ఎక్కువ కరెంటు వస్తుంది. పెద్ద పెద్ద చోట్ల దానికి మోటార్లు పెడతారు. మా దగ్గర మోటారు లేదు, మంచం ఉంది. నులక తెగిన పాత మంచం చట్రానికి పలకను బిగించి వాకిట్లో వేశాను. పొద్దున పడమటి వైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెడితే తూర్పుకు వాలుతుంది, మధ్యాహ్నం ఇటుకలు తీసేస్తే ఆకాశాన్ని చూస్తుంది, సాయంత్రం తూర్పు కోళ్ల కింద ఇటుకలు. తీగ మాత్రం పొడుగ్గా వదిలాను. అంతే డిజైను. నా కోణమానిని కంపాస్ బాక్సులోకి వెళ్లిపోయింది.

అత్తగారు షరతు పెట్టింది. మిరుగు ఎక్కేదాకా ఎనిమిది రోజులు తానిక్కడే ఉండి చూస్తుంది. ప్రతి సాయంత్రం తిని, గిన్నెలు కడిగేదాకా లైటు వెలగాలి. ఒక్కనాడు ఆరినా సామాను సర్దాల్సిందే. అక్క ఒప్పుకుంది. ఒప్పుకున్న తర్వాత నాకు అసలు సంగతి వెలిగింది. అక్కా బావా పొద్దున్నే చెలకలో పెంట తోలడానికి పోతారు. నేను బ్యాటరీకి డిస్టిల్డ్ వాటరు, కొత్త తీగల కోసం హనుమకొండ, ధర్మసాగర్ మధ్య తిరగాలి. ఇంటి దగ్గర పగలంతా ఉండేది ఒక్కరే. మంచం తిప్పాల్సింది, లైటు ఆరిపోతే గెలిచేది, ఇద్దరూ ఆమే.

"తిప్పకుంటే?" అని అక్క చెవిలో అన్నాను.

"తిప్పకుంటే తిప్పకపాయె" అంది అక్క. కానీ ఆ మొదటి రోజు ఆమె చెలకలోంచి ఇంటివైపు ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదని బావ తర్వాత చెప్పాడు.

సాయంత్రం వచ్చేసరికి మంచం పడమరకు వాలి ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు నేను ఒంటిగంటకే వచ్చి చింతకట్టెల చాటునుంచి చూశాను. అత్తగారు పైట చెంగుతో అద్దం మీది దుమ్ము తుడుస్తోంది. మేక దగ్గరికొస్తే రాయి విసిరింది. ఆమెకు వడియాలు, మిరపకాయలు ఎండబెట్టిన చెయ్యి. ఎండలో పెట్టినదాని మీద నీడ పడితే ఆ చెయ్యి ఊరుకోదు. పందెం సంగతి ఆ చేతికి గుర్తులేదు. నాకు నవ్వాగలేదు, నోరు మూసుకుని కట్టెల వెనక కూర్చుండిపోయాను.

ఆరో రోజు మబ్బు పట్టింది. గుట్టల మీదనుంచి నీడలు దిగి చెలకంతా పాకుతున్నాయి. అత్తగారు మంచాన్ని వాకిట్లోంచి దొడ్లోకి, దొడ్లోంచి బావి గట్టుకు గుంజుకుపోతోంది, ఎండ ముక్క కనబడినచోటికల్లా. తీగ చేతికి చుట్టుకుని నేను వెనకాల పరుగెత్తుతున్నాను. "నా కొడక, జర పక్కకు జరుగు" అని ఆమె మబ్బును తిడుతోంది. పెంట బండి మీదనుంచి బావ అది చూసి ఎడ్లను నిలబెట్టి, కడుపు పట్టుకుని కిందికి దిగాడు. అక్క కూడా నవ్వింది. బావతో మాటలు బందైన తర్వాత వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసి నవ్వడం అదే మొదలు. ఆ సాయంత్రం లైటు గిన్నెలు కడిగాక కూడా వెలిగింది.

ఎనిమిదో రోజూ వెలిగింది. తొమ్మిదో పొద్దున తొలి జల్లు పడి ఆగింది. అత్తగారు స్నానం చేసి, చీరలు మడిచి మూట కట్టుకుంది. బావ బండి కట్టాడు. నేను విజయగర్వంతో మూట అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు. మూటతోనే వెళ్లి, పొయ్యి దగ్గరున్న అక్క ఎదుట నిలబడింది.

"నేను పోతే గా మంచం ఎవలు తిప్పుతరు?" అంది. "నీకు చెలక పని తీరదు. వానికి యాది ఉండది. పెద్దోని ఇంట్ల నాకిప్పుడు పని గూడ లేదు." ఆగింది. పొయ్యిలోని మంటను చూస్తూ, "ఈడ ఉండనా, బిడ్డా?" అంది.

ఇన్ని తంటాలు పడింది అక్క ఆమె నీడలోకి వెళ్లకూడదనే కదా. బావ ఎడ్ల తాడు పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. అక్క అన్నం గంజి వార్చి, గిన్నె దించి, చేతులు కొంగుకు తుడుచుకుంది. అంతసేపూ అత్తగారు మూట పట్టుకుని నిలబడే ఉంది.

"ఉండు అత్తమ్మా" అంది అక్క. "గని నీ మంచం గా మూలకేసుకో. లైటు కింద జాగ నాది, నేను బియ్యం ఏరుకోవాలె."

అత్తగారు మూట కింద పెట్టి, పక్క చుట్టి, తన మంచాన్ని తనే గుంజుకుంటూ అక్క చూపించిన మూలకు తీసుకెళ్లింది. అక్క నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఇద్దరం పగలబడి నవ్వేవాళ్లం.